“ఎవరు కావాలండీ?”

(మండలంలోని ప్రధానోపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీల చైర్మన్లు కలిసిన సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు తీసేయండి బాబూ, పర్లేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లల మీద అరిచిన గొంతు ఇది, వెనక బెంచీ దాకా వస్తుంది.

మీటింగు పదిన్నరకన్నారు. నేను పదింటికి పది నిమిషాలుండగానే వచ్చాను. కావాలనే ముందొచ్చాను. గేటు బార్లా తీసి ఉంది. చేతిలో ఈ సంచి. ఆరో తరగతి రెండు సెక్షన్లూ దాటాను, సైన్స్ ల్యాబ్ కిటికీలోంచి లోపలికి తొంగిచూశాను, ఆడపిల్లల మరుగుదొడ్ల పక్క సందు మొదటి దాకా వెళ్లాను. తర్వాత వచ్చి ఆ వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. ఇద్దరు ఉపాధ్యాయులు ఎదురయ్యారు. ఒకాయన తలూపాడు, నేనూ తలూపాను. ఒక టీచరమ్మ నమస్తే సార్ అంది. ఓ పాతికమంది పిల్లలు గుడ్ మార్నింగ్ చెప్పారు. తెల్లచొక్కా, కళ్లజోడు, సంచి! ఏ తనిఖీ అధికారో అనుకుని ఉంటారు.

“ఎవరు కావాలి?” అని నన్ను అడిగింది ఒకే ఒక్క మనిషి. ఎవరో తర్వాత చెప్తాను. హెచ్చెమ్ గారూ, మీరు తల దించుకోకండి. నేను పనిచేసిన బళ్లలో ఇదే పని ఎవరైనా చేసుంటే నా పరువూ ఇలాగే పోయేది.

ఆ తలూపడం గురించే ఇవాళ చెప్పాలనుకున్నాను.

జపాన్‌లో ఒసాకా దగ్గర ఇకెడా అని ఊరుంది. అక్కడ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఒక ప్రాథమిక పాఠశాల. 2001 జూన్ 8, ఉదయం పది దాటింది. కార్లు వచ్చే గేటు తీసే ఉంది. ఒక మనిషి అందులోంచి లోపలికి నడిచొచ్చాడు. ఒక ఉపాధ్యాయుడు అతనికి ఎదురయ్యాడు, తల వంచి పలకరించాడు. అతను తిరిగి పలకరించలేదు. ఎవరో పిల్లాడి తండ్రో, సరుకులు తెచ్చినవాడో అనుకుని ఉపాధ్యాయుడు తన దారిన వెళ్లిపోయాడు. అతని దగ్గర వంటగది కత్తి ఉంది. కొద్ది నిమిషాల్లో ఎనిమిది మంది పిల్లలు పోయారు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు. ఇంకో పదమూడు మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు గాయపడ్డారు.

ఆ ఉపాధ్యాయుణ్ని నేను తప్పుపట్టలేను. ఆయన స్థానంలో మనలో ఎవరున్నా అదే చేస్తాం. వచ్చినవాణ్ని ఆపి అడగడం మర్యాద కాదనుకుంటాం. నన్ను నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. అంతకు ఏడాదిన్నర ముందు, 1999 డిసెంబరులో, క్యోటోలో ఒక బడి ఆవరణలోనే ఒక రెండో తరగతి పిల్లాణ్ని బయటివాడొకడు చంపాడు. దాని తర్వాత బడుల భద్రత చూసుకోండని జపాన్ విద్యాశాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. అంటే ఇకెడాలో ఆ రోజుకి కాగితం ఉంది, గేటూ తీసే ఉంది. 2003లో ఆ పిల్లల తల్లిదండ్రులతో ఒప్పందం రాసుకుని, మావైపు లోపం జరిగిందని బడీ, విశ్వవిద్యాలయం, విద్యాశాఖా క్షమాపణ చెప్పుకున్నాయి.

మన బీరువాల్లో కాగితాలు తక్కువేం లేవు. విద్యా హక్కు చట్టం షెడ్యూలులో ప్రహరీ గోడో కంచో ఉండాలని రాసుంది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పాఠశాల భద్రత మీద మార్గదర్శకాలిచ్చింది. 2021లో కేంద్ర విద్యాశాఖ, పిల్లల భద్రతకు బాధ్యత ఎవరిదో తేల్చి చెబుతూ ఇంకొకటి ఇచ్చింది. తల్లిదండ్రులు, కమిటీ సభ్యులు తప్ప బయటివాళ్లను అనుమతి లేకుండా లోపలికి రానీయవద్దని, పార్టీ కండువాలతో అసలే రానీయవద్దని 2025లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉత్తర్వు వచ్చింది. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో వస్తాయి, మనం దణ్ణం బొమ్మ పెడతాం, అయిపోతుంది.

ఇప్పుడు మీలో కొందరు అనుకుంటున్నారు, నాకు తెలుసు: “జపాన్ సంగతి మనకెందుకండీ, మన ఊళ్లో కత్తులేసుకుని ఎవడొస్తాడు?” నిజమే. మన బడికొచ్చే బయటివాడు మనకు బాగా తెలిసినవాడు. అదే మన చిక్కు.

గురుగ్రామ్‌లో 2017 సెప్టెంబరులో రెండో తరగతి బాబును బడి బాత్రూములో చంపేశారు. ముందు పోలీసులు బస్సు కండక్టర్ని పట్టుకున్నారు. రెండు నెలల తర్వాత సీబీఐ వచ్చి, అదే బడిలో పదకొండో తరగతి చదివే కుర్రాణ్ని అదుపులోకి తీసుకుంది. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022లో ఒక చంటిపిల్ల మీద అఘాయిత్యం బయటపడింది. చేసింది ఎవరు? ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. మరుసటేడు కోర్టు ఇరవై ఏళ్ల శిక్ష వేసింది. అతను గోడ దూకి రాలేదు. రోజూ గేటులోంచే వచ్చాడు, అందరూ అతనికి నమస్తే చెప్పారు. ఆ కారు డ్రైవరుకు తరగతి గదుల వైపు పనేమిటని ఒక్కరు అడిగుంటే ఎలా ఉండేదో.

ఇక నా కథ చెప్తాను. నేనిక్కడికొచ్చి పెద్దమనిషిలా మాట్లాడుతున్నాను గానీ, ఒకప్పుడు నేనే ఒక పిల్లను పంపేశాను.

తొమ్మిదో తరగతి పిల్ల. శుక్రవారం, అన్నాల బెల్లు కొట్టాక వాళ్ల బాబాయి వచ్చాడు. నాకు తెలిసినవాడే, మా బడి వాలీబాల్ జట్టులో ఆడినవాడు. “మాస్టారూ, మా అమ్మకి సీరియస్‌గా ఉంది, పాపను చూడాలంటోంది” అన్నాడు. అయ్యో అన్నాను. పిల్లను పిలిపించాను. పుస్తకాల సంచి సర్దుకోవడానికి ఆ పిల్ల చాలాసేపు చేసింది. నేను చూశాను, పట్టించుకోలేదు. మోటారు సైకిలెక్కి వెళ్లిపోయారు. కాసేపటికి లెక్కల టీచరు వచ్చి, “సార్, వెళ్లేటప్పుడు ఆ పిల్ల ఏడుస్తోంది, నాయనమ్మంటే అంత ప్రేమేమో” అంది. అప్పుడు నాకు ఎక్కడో కలుక్కుమంది. వాళ్లమ్మకు ఫోను చేశాను. మిరపకాయల కోతలో ఉంది. “మీ అత్తగారికి ఎలా ఉందమ్మా?” అన్నాను. “మా అత్తకేం సారూ, నా పక్క సాల్లోనే కాయలు కోస్తోందిగా” అంది.

కాళ్లు చల్లబడ్డాయి. ఎస్సై గారికి ఫోను చేశాం, పీఈటీ సారు బండి మీద బస్టాండుకు ఉరికాడు. వాళ్లు బస్సెక్కలేదింకా, అది అదృష్టం. తండ్రి తరఫు వాళ్లు తల్లికి చెప్పకుండా పెళ్లి మాట్లాడేశారు. ఆదివారం ముహూర్తం. పిల్లకు పద్నాలుగేళ్లు. ఆ పిల్ల ఇప్పుడు నర్సు. నాకు పండక్కి ఫోను చేస్తుంది. చేసినప్పుడల్లా నాకు సిగ్గే వేస్తుంది.

నేను చేయాల్సింది ఏమిటి? “ఒక్క నిమిషం కూర్చో నాయనా” అని వాళ్లమ్మకు ఫోను చేయడం. అంతే. రెండు నిమిషాల పని. తెలిసినవాడు కదా, అడిగితే నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. అందుకే తర్వాత పద్ధతి మార్చాను. అడ్మిషన్ అప్పుడే, ఈ పిల్లను ఎవరెవరి వెంట పంపొచ్చో తల్లి చేతో తండ్రి చేతో మూడు పేర్లు, మూడు ఫోను నంబర్లు రాయించాం. ఆ ముగ్గురిలో లేనివాడు సాక్షాత్తూ సర్పంచి అయినా, మేనమామే అయినా, ఫోను చేశాకే పంపడం. తల్లీ తండ్రీ విడిగా ఉంటున్న ఇళ్ల పిల్లలకు ఇది మరీ అవసరం. కోర్టు కాగితం ఉంటే దాని నకలు ఆఫీసులో పెట్టుకోవాలి. మొదటి నెల అందరూ విసుక్కున్నారు. “మమ్మల్నే అనుమానిస్తావా?” అన్నారు. రెండో నెల నుంచి, “మా పిల్లనీ అలాగే చూడండి మాస్టారూ” అనడం మొదలెట్టారు.

తర్వాత గోడ. చైర్మన్లందరికీ గోడంటే ఇష్టం. సర్కారు బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం 2019లో మొదలైనప్పుడు చేయాల్సిన పనుల్లో ప్రహరీ కూడా ఉంది. చాలా బళ్లకు గోడలొచ్చాయి, మంచిదే. కానీ ఒక సంగతి గమనించారా? గోడ లేనప్పుడు రోడ్డు మీద పోయేవాడికి వరండా కనపడేది. రాత్రి అక్కడ ఎవరైనా బీడీ వెలిగిస్తే ఎదురింటి ముసలమ్మ కేకేసేది. నిలువెత్తు గోడ కట్టాం, ఆ ముసలమ్మ కన్ను మూసేశాం. ఇప్పుడు గోడ లోపల వాళ్లకి చక్కటి బారు. సోమవారం పొద్దున ప్రేయరుకు ముందు పిల్లలు చీపుళ్లు పట్టుకుని ఏరేది ఏమిటి? క్వార్టరు సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, పేకముక్కలు. గాజు పెంకు గుచ్చుకుని మా ఆరో తరగతి పిల్లాడికి నాలుగు కుట్లు పడ్డాయి. చట్టంలో గోడ ఉండాలని ఉంది గాని ఎంత ఎత్తుండాలో లేదు. నా మాట వింటే, నడుము దాకా గోడ, పైన ఇనుప గ్రిల్లు. రోడ్డు మీదివాడికి లోపల కనపడాలి. లోపలివాడికి తాను కనపడుతున్నానని తెలియాలి. గోడ ఇప్పటికే కట్టేసినవాళ్లు ఒక మంచి లైటు వేయించండి. గేటు దగ్గర కాదు, వెనక, మరుగుదొడ్ల వైపు. తాగేవాడికి చీకటే కావాలి.

2023లో నెలకు ఆరు వేల గౌరవ వేతనంతో హైస్కూళ్లకు రాత్రి కాపలావాళ్లను పెట్టారు. ఆరు వేలకు ఒక్క మనిషి రాత్రంతా తాగుబోతులతో తగువు పెట్టుకోవాలనడం నాకు న్యాయంగా అనిపించదు. ఆయన చేతిలో కర్రకన్నా ముందు బీటు కానిస్టేబులు నంబరు ఉండాలి, చైర్మన్ గారి నంబరుండాలి, ఫోను చేస్తే ఎత్తాలి. ఎత్తుతారా చైర్మన్ గారూ? ...నవ్వుతున్నారు, అంటే ఎత్తరు.

అలాగని మైదానానికి తాళం వేసేయకండి. పొద్దున నడిచే రిటైరైనవాళ్లు, సాయంత్రం వాలీబాల్ ఆడే కుర్రాళ్లు మన శత్రువులు కాదు. మా ఊళ్లో ఆ వాలీబాల్ కుర్రాళ్లనే పిలిచి, “నెట్టు కొనిపెడతాం, చీకటి పడ్డాక గేటు వేసి తాళం మాస్టారింట్లో ఇవ్వండి” అన్నాం. సీసాలు సగం తగ్గాయి. ఎందుకంటే ఆ సీసాల వాళ్లలో సగం మంది వాళ్ల అన్నలే. ఒక్క షరతు: లాంగ్ బెల్లు కొట్టి పిల్లలు ఇళ్లకు వెళ్లాకే ఆట. బడి వదిలే టైముకు గేటు ముందు బండి మీద చక్కర్లు కొట్టేవాడికి మాత్రం ఈ మర్యాద వద్దు. బండి నంబరు రాసుకోండి, పోలీసులకు 112లో చెప్పండి. ఆపదలో పిల్లలు ఫోను చేసే 1098 నంబరు వాళ్లకు నోటికి వచ్చేలా చేయండి. ఎక్కాల పుస్తకం కన్నా చిన్నదే కదా. గేటు ఎదురుగా బడ్డీ కొట్టుందనుకోండి, బడికి వంద గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మడం 2003 నాటి పొగాకు చట్టం ప్రకారమే నేరం. అవి పోతే ఆ కొట్టు దగ్గర గుమిగూడేవాళ్లూ పోతారు.

నాలుగు కాళ్ల సందర్శకుల గురించి కూడా అడుగుతారు మీరు. 2025 నవంబరులో సుప్రీంకోర్టే చెప్పింది, బళ్లలోకి వీధికుక్కలు రాకుండా కంచె వేయండని. కుక్కలు ఎందుకొస్తాయి? అన్నం మెతుకులకు. చేతులు కడిగే చోట ఒక తొట్టి పెట్టి మూత వేయండి. కోతుల సంగతి మాత్రం నన్నడగొద్దు, వాటి ముందు నేనూ ఓడిపోయాను.

ఇప్పుడు అసలు కష్టమైనది. కోపంతో వచ్చే తండ్రి. “నా కొడుకుని కొట్టినోడెవడు?” అని గదిలోకే దూసుకొస్తాడు. ఒక్కోసారి పొద్దున్నే మందేసుకుని వస్తాడు. మనం చేసే మొదటి తప్పు, అక్కడే, నలభై మంది పిల్లల ముందే వాదన పెట్టుకోవడం. ఆయన వెనక్కి తగ్గలేడు, మనమూ తగ్గలేం. నేను ఒక పని చేసేవాణ్ని. ఆయన పేరు పెట్టి పిలిచి, “రండి, ఎండన పడొచ్చారు, మంచినీళ్లు తాగండి” అంటూ ఆఫీసు వైపు నడిచేవాణ్ని. మనిషి నడుస్తూ అరవడం కష్టం. కూర్చుని అరవడం ఇంకా కష్టం. ఈలోపు పక్క గది టీచరు తలుపు వేసి ఆ తరగతిని చూసుకోవాలి. ఇది ముందే అనుకుని ఉండాలి. విధుల్లో ఉన్న ఉద్యోగి మీద చెయ్యి చేసుకుంటే శిక్ష ఉంది, భారతీయ న్యాయ సంహితలో 132వ సెక్షను. అయితే గుమ్మంలోనే సెక్షను నంబరు చెప్పినవాడికి నీళ్లిచ్చే అవకాశం పోతుంది. చెయ్యి లేచిందా, అప్పుడు ఇక మొహమాటం వద్దు, ఫిర్యాదు రాయండి. “మన ఊరివాడే కదా” అని రాజీ కుదిర్చే చైర్మన్లు ఇక్కడ కొందరున్నారు. రాజీ అయిన ప్రతిసారీ మరుసటి నెల ఇంకొకడొస్తాడు.

అడగడానికి భయపడాల్సింది తాగినవాణ్ని కాదండీ, కండువా వేసుకున్నవాణ్ని. పుట్టినరోజని కేకుతో వస్తారు, నోటు పుస్తకాలు పంచుతారు, వెనక పదిమంది, ముందు నాలుగు కెమెరాలు. ఫోను కర్రకు తగిలించుకుని మైకు పట్టుకున్న ఛానలబ్బాయి ఆడపిల్లల మొహాల మీద మొహం పెట్టి “మీ టాయిలెట్లు బాగున్నాయా?” అని అడుగుతాడు. టాయిలెట్లు బాగోలేకపోతే అడగాల్సిందే, నేను కాదనను. మమ్మల్ని అడగండి, కమిటీని అడగండి. గేటు వేసుకుని లోపల జరిగేది దాచుకోమని నేను చెప్పడం లేదు. పిల్ల మొహం మాత్రం తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఎవడి ఫోనులోకీ పోకూడదు. ఇక్కడ కమిటీ వాళ్లు హెచ్చెమ్ గారి పక్కన నిలబడాలి. ఆయన ఒక్కడూ కాదంటే బదిలీ మాట వస్తుంది. కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం ఊరికే పెట్టలేదు. పదిమంది తల్లులు గేటు దగ్గర నిలబడి “పుస్తకాలు ఆఫీసులో ఇవ్వండి బాబూ, మేం పంచుతాం” అంటే ఎవడు కాదంటాడు? వాళ్లకు ఓట్లున్నాయి.

సరే, ఎండెక్కుతోంది. ఆఖరుది చెప్పి కూర్చుంటాను.

మీ ఆఫీసు బల్ల మీద పెద్ద విజిటర్స్ పుస్తకం ఉంది, అట్ట వేసి మరీ పెట్టారు. ఎంఈవో గారు వస్తే, డీఈవో గారు వస్తే అందులో రాస్తారు. పేజీలు తిరగేశాను. మామూలు మనిషి పేరు ఒక్కటీ లేదు. టీసీ కోసం వచ్చిన తండ్రి, గైడ్లు అమ్ముకునేవాడు, కరెంటు రిపేరుకొచ్చినవాడు, వీళ్లెవరూ మన బడికి వచ్చినట్టే లేదు. ఇలాగే ఉంటుందని ముందే అనుకుని, వచ్చే దారిలో కొట్టు దగ్గర ఆగి ఒక నోటు పుస్తకం కొన్నాను. ముప్పై రూపాయలు. ఇదిగో. గీతలు నేనే గీశాను: పేరు, ఊరు, ఎవరి కోసం, వచ్చిన టైము, వెళ్లిన టైము. పెన్ను దారంతో కట్టాను, లేకపోతే సాయంత్రానికి ఉండదు.

ఇది ఎవరి దగ్గరుండాలో కూడా చెప్తాను. నేను మరుగుదొడ్ల వైపు వెళ్తుంటే వంటింట్లోంచి ఒకావిడ గరిటెతో బయటకొచ్చింది. “ఎవరు కావాలయ్యా?” అంది. హెచ్చెమ్ గారి కోసం అన్నాను. “ఆపీసు అటు. ఇటు ఆడపిల్లల దొడ్లు. ఇటు రాకూడదు” అని, నేను వెనక్కి తిరిగేదాకా అక్కడే నిలబడింది. ఆమెను ఈ మీటింగుకు ఎవరూ పిలవలేదు. ఎవరైనా వెళ్లి పిలవండి... పొయ్యి మీద సాంబారుందంటే దించాకే రమ్మనండి, పర్లేదు.

మొదటి పేరు నాదే రాస్తాను. వచ్చిన టైము తొమ్మిదీ యాభై. వెళ్లిన టైము ఇప్పుడు రాయను, ఆవిడ వండింది తినకుండా నేను కదలను.